జోడేఘాట్ కొండల్లో గోండుల మ్యూజియం: అక్కడ మనం ఎవరం?

పోయిన ఏడాది మా సంఘం కార్యవర్గ సమావేశంలో యాత్ర విషయం చర్చకు వచ్చింది. ఏటా ఒక యాత్ర వేయడం మా ఆనవాయితీ. తిరుపతి, శ్రీశైలం, అహోబిలం, మంత్రాలయం, లేపాక్షి... బెంగళూరులో తరాలుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబాలు చూడని క్షేత్రాలు కావు ఇవి. ఈసారి ఎటు అని అడిగితే, వెనక వరుసలో కూర్చున్న ఒక సభ్యురాలి మనవడు, తొమ్మిదో తరగతి చదువుతున్న అబ్బాయి, "కొమరం భీం ఊరికి వెళ్దాం" అన్నాడు. పెద్దవాళ్ళు నవ్వారు. వాడు నవ్వలేదు. "భీం, అల్లూరి సీతారామరాజు నిజంగా స్నేహితులేనా?" అని ఇంకో ప్రశ్న వేశాడు. 2022లో వచ్చిన 'ఆర్ఆర్ఆర్' సినిమా చూసిన పిల్లవాడు అడగవలసిన ప్రశ్నే. నిజం చెప్పొద్దూ, ఆ గదిలో ఉన్న ఇరవై మందిలో నమ్మకంగా జవాబు చెప్పగలిగినవారు ఒక్కరూ లేరు.

స్నేహితులు కారు. ఇద్దరూ కలిశారనడానికి ఆధారమేమీ లేదు. అల్లూరి పోరాటం విశాఖ మన్యంలో, బ్రిటిష్ వారి మీద. 1924 మే 7న ఆయనను కాల్చి చంపారు. భీం పోరాటం నిజాం రాజ్యానికి ఉత్తర కొసన, ఆదిలాబాద్ అడవుల్లో. ఆయన ప్రాణం పోయింది 1940లో. ఇద్దరినీ ఢిల్లీలో కలిపింది సినిమా వాళ్ళ ఊహ. సినిమాగా చూస్తే తప్పేం లేదు. కానీ ఆ ఒక్క ప్రశ్న మమ్మల్ని పుస్తకాల దగ్గరకు, తర్వాత జోడేఘాట్ దాకా నడిపించింది. గత చలికాలంలో మేము పన్నెండు మందిమి వెళ్ళి వచ్చాం. మళ్ళీ పెద్ద యాత్ర వేసే ముందు ఆ ప్రాంతం సంగతి, అక్కడి మ్యూజియం సంగతి నలుగురికీ చెప్పాలని ఇది రాస్తున్నాం.

బెంగళూరు నుంచి కాచిగూడకు రాత్రి రైలు. మర్నాడు సికింద్రాబాద్ నుంచి కాజీపేట మీదుగా బల్లార్షా వైపు వెళ్ళే రైలు ఎక్కి ఆసిఫాబాద్ రోడ్డులో గానీ సిర్పూర్ కాగజ్‌నగర్‌లో గానీ దిగాలి. ఢిల్లీకి వెళ్ళే రైళ్ళలో చాలామందిమి ఈ దారిన పోయినవాళ్ళమే, కాని కిటికీలోంచి చూడటమే తప్ప దిగినవాళ్ళం కాదు. అక్కడి నుంచి జీపులో కెరమెరి వైపు ఘాట్ రోడ్డు. టేకు చెట్లు, వెదురు, పత్తి చేలు, మధ్య మధ్య మట్టి గోడల ఇళ్ళు. జోడేఘాట్ కెరమెరి మండలంలోని చిన్న గూడెం. 2016లో కొత్త జిల్లాలు చేసినప్పుడు ఈ జిల్లాకు కుమురం భీం ఆసిఫాబాద్ అని పేరు పెట్టారు. మనం కొమరం అంటాం, జిల్లా పేరులో కుమురం అని రాస్తారు, గోండులు పలికేది కుమ్రం. అది ఆయన వంశం పేరు. ఒక మనిషి పేరును మూడు రకాలుగా రాస్తే దఫ్తరులో ఎంత గొడవవుతుందో ముప్పై ఏళ్ళకు పైగా ఫైళ్ళు మోసిన మాలాంటి గుమాస్తాలకు తెలుసు.

జీపు నడిపిన కుర్రవాడు గోండు. మాతో చక్కటి తెలంగాణ తెలుగులో మాట్లాడాడు. దారిలో ఇంటికి ఫోను చేసి గోండీలో మాట్లాడుతుంటే మాలో ఒకావిడ చెవి రిక్కించి వింది. ఫోను పెట్టేశాక "అంకెలు చెప్పు నాయనా" అంది. వాడు సిగ్గుపడుతూ, "ఉండి, రండ్, మూండ్, నాలుంగ్..." అన్నాడు. జీపులో ఒక్కసారి గోల. రెండు, మూడు, నాలుగు! నీళ్ళను ఏమంటారంటే 'యేర్' అన్నాడు. మన ఏరు. ఊరిని ఏమంటారంటే 'నార్' అన్నాడు. మన నాడు.

ఇది కాకతాళీయం కాదు. భాషా శాస్త్రవేత్తలు ద్రావిడ భాషలను శాఖలుగా విడదీస్తారు. అందులో దక్షిణ మధ్య శాఖ అనేదాంట్లో తెలుగు, గోండీ, కొండ, కుయి, కువి, పెంగో, మండ వస్తాయి. అంటే మనం రోజూ వినే కన్నడ, తమిళాల కన్నా గోండీయే తెలుగుకు దగ్గరి చుట్టం. ఒక తల్లి పిల్లల్లో తెలుగు రాజాస్థానాలకు వెళ్ళింది, గోండీ అడవిలో ఉండిపోయింది. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద గోండీ తమ మాతృభాష అని చెప్పినవారు 30 లక్షలకు కాస్త తక్కువ. అదే లెక్కల్లో ఒక్క కర్ణాటకలోనే తెలుగు మాతృభాష అన్నవారు 35 లక్షలకు పైన. ఇక్కడ మనం మైనారిటీ అని చెప్పుకుంటాం. ఆ మైనారిటీ కన్నా చిన్నది ఆ భాష మొత్తం. పైగా ఒక రాష్ట్రంలో లేదు, మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్ర, తెలంగాణల్లో ముక్కలుగా పడి ఉంది. ఎనిమిదో షెడ్యూలులో చోటు లేదు.

గోండులు ఎప్పుడూ ఇలా మూలన ఉన్నవాళ్ళు కారు. ఇప్పటి చంద్రపూర్, అంటే పాత చాందా, గోండు రాజుల రాజధాని. బల్లార్షా వారి కోట ఊరే. ఉట్నూరులోనూ కోట ఉంది. 1751లో నాగపూర్ భోంస్లేలు చాందా రాజ్యాన్ని కలుపుకున్నారు. తర్వాత దక్షిణ భాగం నిజాం ఏలుబడిలోకి వచ్చింది. 1905లో ఆదిలాబాద్ పూర్తి జిల్లా అయింది. 1956లో రాష్ట్రాల పునర్విభజన వచ్చినప్పుడు రాజురా తాలూకా బొంబాయి రాష్ట్రానికి పోయింది, మిగతాది ఆంధ్రప్రదేశ్‌లో చేరింది. ఒకే వంశం వాళ్ళు, వియ్యాలందుకునే వాళ్ళు, తెల్లవారేసరికి రెండు రాష్ట్రాల వాళ్ళయ్యారు. 1953లో బళ్ళారి మైసూరులో కలిసినప్పటి ముచ్చట్లు ఇళ్ళలో విన్నవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

అసలు దెబ్బ అంతకు ముందే పడింది. గోండులు పోడు కొట్టుకుని ఒకచోట కొన్నేళ్ళు సాగుచేసి, నేల అలిసిపోతే ఇంకో చోటికి మారేవారు. భూమి ఊరిది, దేవుడిది. కాగితం అనే మాటే లేదు. 1326 ఫసలీలో, అంటే 1916-17లో, హైదరాబాద్ అటవీ చట్టం వచ్చింది. అడవికి హద్దు గీతలు గీశారు. నిన్నటిదాకా బీడుగా వదిలిన నేల ఇవాళ రిజర్వు ఫారెస్టు. 1920ల చివర కాజీపేట-బల్లార్షా రైలు మార్గం పూర్తయింది. దాంతో బయటి రైతులు, వడ్డీ వ్యాపారులు వచ్చారు. మరాఠీ వాళ్ళు వచ్చారు, తెలుగు వాళ్ళు వచ్చారు. వచ్చినవాడికి అక్షరం ముక్క వచ్చు, పట్వారీతో మాట్లాడటం వచ్చు. సాగుచేసినవాడు గోండు, పట్టా రాయించుకున్నవాడు ఇంకొకడు.

భీం కథ ఈ గట్టు తగాదాలోంచే పుట్టింది. ఆసిఫాబాద్ దగ్గర సంకెపల్లిలో పుట్టాడని చెబుతారు. పండించిన పంట నాది, భూమి నా పేరున ఉంది అంటూ వచ్చిన సిద్దిఖ్ అనే ఆసామితో గొడవ జరిగి, దెబ్బ తగిలి అతను చనిపోయాడు. భీం పారిపోయాడు. బల్లార్షా, చాందా, ఆపైన అస్సాం తేయాకు తోటలు. అక్కడ కూలి చేస్తూ చదవడం, రాయడం నేర్చుకున్నాడని అంటారు. తిరిగి వచ్చాక బాబేఝరి, జోడేఘాట్ సహా పన్నెండు గూడేల వాళ్ళను కూడగట్టాడు. అటవీ శాఖ వాళ్ళు గుడిసెలు తగలబెట్టడం, వీళ్ళు మళ్ళీ కట్టుకోవడం. హైదరాబాద్ దాకా వెళ్ళి నిజాంకు అర్జీ ఇవ్వాలని చూస్తే దర్శనం దొరకలేదంటారు. అర్జీ పుచ్చుకునేవాడు లేకపోయాకే తుపాకులు బయటికి వచ్చాయన్నమాట. జల్, జంగల్, జమీన్ అన్న మూడు మాటలు ఇక్కడివే. 1940లో పోలీసులు జోడేఘాట్ కొండను చుట్టుముట్టి భీంను, ఆయన అనుచరులను కాల్చి చంపారు. ఏటా ఆశ్వయుజ పౌర్ణమి నాడు గోండులు అక్కడ చేరి వర్ధంతి జరుపుకుంటారు.

ఇక్కడ కథలోకి ఒక ఆస్ట్రియా దేశస్థుడు వస్తాడు. మమ్మల్ని అన్నిటికన్నా ఆశ్చర్యపరిచినవాడు ఈయన. క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్, 1909లో వియన్నాలో పుట్టిన మానవ శాస్త్రవేత్త. 1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి ఇండియాలో ఉన్నాడు. అప్పటికి ఆస్ట్రియాను జర్మనీ మింగేసింది కాబట్టి ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్ వాళ్ళ లెక్కలో శత్రుదేశపు మనిషి. హైదరాబాద్ సంస్థానం దాటిపోకూడదని కట్టడి చేశారు. సరే అని ఆయన ఆ సంస్థానంలోని చెంచులను, కొండరెడ్లను, తర్వాత గోండులను అధ్యయనం చేశాడు. భీం తిరుగుబాటు ఎందుకు జరిగిందో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వానికీ అనిపించింది. హైమెన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయి అనే గూడెంలో ఇల్లు వేసుకుని ఉన్నారు. పుస్తకాలు రాసి వెళ్ళిపోతే చరిత్రలో ఒక పండితుడిగా మిగిలేవాడు. అంతటితో ఆగలేదు. గోండుల గొడవకు మూలం పట్టా అని తేల్చి, ప్రభుత్వం చేత భూములకు పట్టాలు ఇప్పించాడు. 1940ల్లో అలా ఇచ్చిన భూమి సుమారు 1,60,000 ఎకరాలు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం పెట్టించాడు. గోండీ వాచకాలు దేవనాగరి లిపిలో తయారయ్యాయి. పిల్లవాడు మొదటి అక్షరం తన ఇంటి భాషలో దిద్దాలన్నది అక్కడి పద్ధతి.

బెట్టీ 1987లో హైదరాబాద్‌లో చనిపోయారు. ఆమె సమాధి మార్లవాయిలోనే ఉంది. ఆయన 1995లో లండన్‌లో పోయారు. 2012లో వారి కుమారుడు ఆయన అస్థికలను తెచ్చి భార్య పక్కనే ఉంచారు. మేము వెళ్ళినప్పుడు ఆ రెండు సమాధులూ చూశాం. గూడెం వాళ్ళు వాళ్ళను తమ ఇంటి పెద్దలను తలచుకున్నట్టే తలచుకుంటారు.

ఇక మ్యూజియం. తెలంగాణ ఏర్పడ్డాక జోడేఘాట్‌లో భీం స్మారకంతో పాటు ఈ గిరిజన మ్యూజియం కూడా కట్టారు. చుట్టూ కొండలు, మధ్యలో భవనం, బయట భీం విగ్రహం. లోపల గోండుల ఇంటి సామాను, సాగు పనిముట్లు, నగలు, దేవతల ప్రతిమలు, వాయిద్యాలు. గుస్సాడీ వేషాల బొమ్మలు ఉన్నాయి. దీపావళి ముందు దండారీ పండుగలో ఒంటికి బూడిద పూసుకుని, తల మీద నెమలి ఈకల కిరీటం పెట్టుకుని ఊరూరా తిరిగి ఆడే ఆట అది. మార్లవాయికి చెందిన కనక రాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది ఈ గుస్సాడీకే. 2024లో ఆయన కాలం చేశారు. ఇత్తడితో, మైనపు అచ్చు పోసి చేసే డోక్రా బొమ్మలు కూడా ఈ జిల్లాలవే. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

మేము అక్కడ ఎక్కువసేపు నిలబడింది కిక్రి దగ్గర. కమానుతో వాయించే చిన్న తంతి వాయిద్యం. దీన్ని వాయించేది గోండులు కాదు, పర్ధానులు. గోండు వంశాల్లో నాలుగు దేవుళ్ళ వాళ్ళు, ఐదు దేవుళ్ళ వాళ్ళు, ఆరు, ఏడు దేవుళ్ళ వాళ్ళు అని విభాగాలున్నాయి. మన గోత్రాల్లాగే ఒకే విభాగంలో పెళ్ళి కుదరదు. ఏ వంశం ఎక్కడ పుట్టింది, ఏ దేవుడు ఏ కొండ దాటి వచ్చాడు అన్న కథంతా పర్ధాను నోట్లో ఉంటుంది. తండ్రి నుంచి కొడుక్కి. పుస్తకం లేదు. విచిత్రం ఏమిటంటే, ఆదిలాబాద్ పర్ధానుల ఇంటి భాష మరాఠీ. గోండుల చరిత్ర మొత్తాన్ని గోండీలో పాడేవాళ్ళు ఇంట్లో వేరే భాష మాట్లాడుకుంటారు. మొదట నమ్మలేదు. తర్వాత మాలో ఒకాయన, "ఇందులో వింతేముంది? మన మల్లేశ్వరంలో త్యాగరాజ ఆరాధనలో పంచరత్నాలు పాడేవాళ్ళలో సగం మంది ఇంట్లో కన్నడమో తమిళమో కదా" అన్నాడు. నిజమే. భాషను కాపాడేది ఎప్పుడూ సొంతవాళ్ళే కానక్కర్లేదు.

బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నప్పుడు ఒక ముసలాయన పలకరించాడు. లోపల పెట్టిన తిరగలి, బుట్ట చూసి మేము ఫొటోలు తీయడం చూశాడు కాబోలు. "అవి మా ఇంట్ల ఇంకా ఉన్నయి, రండి చూపిస్త" అన్నాడు నవ్వుతూ. ఆ మాట మాకు చాలా రోజులు గుర్తుంది. మన కస్తూర్బా రోడ్డు ప్రభుత్వ మ్యూజియంలో ఏదైనా శాసనం చూసినప్పుడు ఎప్పటిదో పాతది చూస్తున్నామని తెలుస్తూనే ఉంటుంది. ఇక్కడ అద్దం వెనక ఉన్న వస్తువు, అద్దం బయట ఉన్న మనిషి ఇద్దరూ ఒకే కాలం వాళ్ళు. బ్రతికున్న జనం సామాను మ్యూజియంలో పెట్టడం గౌరవమా, తొందరపాటా? మా పన్నెండు మందిలో దాని మీద ఏకాభిప్రాయం రాలేదు. మా అభిప్రాయం అడిగితే, గౌరవమే అంటాం, కాకపోతే ఆ అద్దం పక్కన రాసే మాట మూడు వరుసల్లో ఉండాలి, ఆ మొదటి వరుస గోండీ కావాలి.

గోండీకి లిపి ఎక్కడిది అనుకునేవారికి ఒక మాట. నార్నూరు మండలం గుంజాల గ్రామంలో ఇళ్ళలో పాత రాతప్రతులు ఉన్నాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం తరఫున జయధీర్ తిరుమలరావు గారి బృందం వాటిని వెలుగులోకి తెచ్చింది. అది ఏ లిపికీ అనుకరణ కాని గోండీ లిపి. 2018లో దానికి యూనికోడ్‌లో స్థానం వచ్చింది, అంటే ఇప్పుడు మన సెల్‌ఫోనులో తెలుగు అక్షరం ఎలా పడుతుందో గుంజాల గోండీ అక్షరమూ అలా పడవచ్చు. ఆ ప్రతులు ఇన్ని తరాలు నిలిచింది చెక్కపెట్టెల్లో, గూడెం వాళ్ళ చేతుల్లో.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాం. ఈ వ్యాసం రాయడానికి కారణం కూడా ఇదే.

మన సంఘం బీరువాలో ఒక లావు ఫైలు ఉంది. రాజ్యాంగం 350-ఎ అధికరణం ప్రకారం భాషా మైనారిటీ పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సౌకర్యం కల్పించాలి. ఆ అధికరణం ఉదహరిస్తూ మేము ఏళ్ళ తరబడి రాసిన అర్జీలన్నీ ఆ ఫైలులో ఉన్నాయి. ఒక దఫ్తరు నుంచి ఇంకో దఫ్తరుకు, అక్కడి నుంచి మళ్ళీ మొదటి దఫ్తరుకు. ఒకసారి మా అర్జీ మా చిరునామాకే తిరిగి వచ్చింది, "తగిన చర్య నిమిత్తం" అని ముద్ర వేసి. పిల్లలు లేరంటారు, టీచరు లేరంటారు, పుస్తకాలు రాలేదంటారు. ఆ బాధ మనకు తెలుసు.

జోడేఘాట్ నుంచి తిరిగి వస్తూ జీపు కుర్రవాడిని అడిగాం, నువ్వు బడిలో ఏ భాషలో చదివావు అని. తెలుగులో అన్నాడు. మొదటి రోజు ఏమైంది? "సార్ ఏం చెప్తున్నడో సమజ్ కాలే. రెండేండ్లు గమ్మున కూర్సున్న" అన్నాడు. జీపులో ఎవ్వరమూ మాట్లాడలేదు. ఇక్కడ మనం అడుగుతున్న చోట వాడు ఉన్నాడు. ఇవ్వవలసిన చోట ఉన్నది మన తెలుగు. పట్టా రాయించుకున్న వాళ్ళలో మన భాష వాళ్ళున్నారు. బడిలో వాడి భాషను బయట నిలబెట్టింది మన భాష. 1946లో వచ్చిన గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్, తర్వాత గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదన్న 1970 నాటి 1/70 చట్టం ఎందుకు అవసరమయ్యాయో ఒకసారి ఆలోచించాలి. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి సమస్యల మీద సభ పెట్టుకున్న గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వ లెక్కలోనే 13 మంది చనిపోయారు. అక్కడ స్తూపం ఉంది. మేము దిగి నమస్కరించి వచ్చాం.

ఈ సంగతి సమావేశంలో చెబితే ఒక పెద్దాయన, "మన పిల్లలకే తెలుగు రావడం లేదు, ఇంకొకరి భాష గొడవ మనకెందుకండీ" అన్నారు. ఆయన్ను మేము తప్పుపట్టం. మన ఆదివారం తెలుగు తరగతికి ఒకప్పుడు నలభై మంది వచ్చేవారు, ఇప్పుడు పదకొండు మంది. కానీ మనం కర్ణాటకలో అడిగేది న్యాయమైతే అది ఆదిలాబాద్‌లో కూడా న్యాయమే. అక్కడ చిన్న భాషకు చోటివ్వమని అనలేనప్పుడు ఇక్కడ మన అర్జీకి బలం ఎక్కడిది? అందుకని తెలంగాణ విద్యాశాఖకు మా సంఘం తరఫున ఒక ఉత్తరం రాశాం. గోండు గూడేల్లో మొదటి తరగతుల్లో గోండీ వాచకాలు, గోండీ తెలిసిన టీచర్లు ఉండాలని, ఇంతకు ముందు జరిగిన ప్రయత్నాలు ఆగకుండా చూడాలని అడిగాం. దాని నకలు మన 350-ఎ ఫైలులోనే పెట్టాం.

ఇక యాత్ర. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర జరుగుతుంది. మెస్రం వంశీకులు చెప్పులు లేకుండా నడిచి వెళ్ళి గోదావరి హస్తినమడుగు నుంచి నీళ్ళు తెచ్చి నాగోబాకు అభిషేకం చేస్తారు. కొత్త కోడళ్ళను దేవుడికి పరిచయం చేసే 'భేటింగ్' అప్పుడే. జాతరలో దర్బారు పెట్టి జనం అర్జీలు అధికారులు అక్కడికక్కడే వినే పద్ధతి హైమెన్‌డార్ఫ్ కాలం నాటిది. ఆ రోజుల్లో జనం విపరీతం, మన పెద్దవాళ్ళకు కష్టం. అందుకని జాతరకు రెండు వారాల ముందు వెళ్దామని అనుకుంటున్నాం. జోడేఘాట్, మార్లవాయి, కేస్లాపూర్, గుంజాల, ఇంద్రవెల్లి, మూడు రోజులు. ఒక బస్సుకు సరిపడా పేర్లు వస్తేనే రైలు టికెట్లు తీస్తాం. పిల్లలున్న ఇళ్ళ వారికి మొదటి అవకాశం, సభ్యత్వం బాకీ ఉన్నా ఫరవాలేదు, తర్వాత కట్టవచ్చు. మకాం సాదాగా ఉంటుంది. మందులు, శాలువాలు మరవద్దు, ఆ కొండల్లో డిసెంబరు, జనవరి చలి మన బెంగళూరు చలిలాంటిది కాదు. ప్రశ్న అడిగిన ఆ తొమ్మిదో తరగతి అబ్బాయి ఇప్పుడు పదిలోకి వచ్చాడు, పరీక్షలున్నాయని వాళ్ళ అమ్మ వెనకాడుతున్నారు. వాడి పేరు మాత్రం జాబితాలో మొదట రాసి ఉంచాం.